మ్యాపు చేతపట్టి అమెరికా పేటలు తిరగడం ఎలా: షికాగో పిల్సెన్‌తో మొదలుపెట్టి

"డౌన్‌టౌన్ చూసేశాం, ఇంకేం చూడాలి?" అని ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు అడుగుతున్నారు. "పిల్లలు ఆఫీసుకెళ్ళాక మేం ఇంట్లోనే, నడిచి చూడదగ్గ పాతపేటలేమైనా ఉన్నాయా?" అని పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు అడుగుతున్నారు. నాలుగు పేటల పేర్లు చెప్పి ఊరుకుంటే వాళ్ళకు ఒరిగేదేం లేదు. పేరు కొట్టి వెతికితే పది రెస్టారెంట్లు, నాలుగు ఫోటో స్పాట్లు వస్తాయి. అవి చూసి తిరిగొచ్చేస్తే ఆ పేట చూసినట్టు కాదు.

ఒక పేట ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, అక్కడే ఎందుకు ఆగింది? ఈ మూడూ తెలిశాక నడిస్తే ప్రతి మలుపూ ఏదో ఒకటి చెబుతుంది. అందుకు మ్యాపులో పిన్నులు కాదు, ముందు గీతలు చూడాలి. రైలు పట్టాలు, నది, హైవే, అడ్డదిడ్డంగా పోయే వీధి. కింది పద్ధతి అంతా దాని మీదే నడుస్తుంది.

ఉదాహరణగా షికాగోలోని పిల్సెన్ పేటను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుందాం. శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూ ఆర్లిన్స్, న్యూయార్క్‌లలో పద్ధతి ఎక్కడ మార్చుకోవాలో చివర్లో ఉంది.

## 1. సరంజామా

ఇంట్లో రెండు సాయంత్రాలు, బయట ఒక పూట పడుతుంది. మ్యాపు పని ఫోన్లో పెట్టుకోకండి. చిన్న తెరమీద పేట మొత్తం ఒక్కసారిగా కనబడదు, కనబడకపోతే హద్దులు దొరకవు. లాప్‌టాప్ ముందు కూర్చోండి.

కావలసినవన్నీ ఉచితమే:

□ గూగుల్ మై మ్యాప్స్: మన గీతలు, గుర్తులు పెట్టుకోవడానికి. ఒక మ్యాపులో 10 లేయర్ల (ఒకదానిమీద ఒకటి పరిచే పొరల) దాకా ఇస్తుంది, మనకు ఐదు చాలు.
□ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్: వెనక సందులు, మెట్లదారులు, రైలు కట్టలు చూసుకోవడానికి.
□ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులోని సాన్‌బార్న్ మ్యాపులు: వందేళ్ళ కిందటి ఇళ్ళను ఒక్కొక్కటిగా చూపిస్తాయి.
□ యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వారి టోపోవ్యూ సైటు: 1884 నుంచి ప్రభుత్వం వేసిన ఎత్తుపల్లాల మ్యాపులన్నీ ఒకచోట.
□ ఆ నగరపాలక సంస్థ డేటా పోర్టల్: షికాగోకూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ చాలా బాగున్నాయి.
□ ఫోన్లో ఆర్గానిక్ మ్యాప్స్: నెట్ లేకున్నా పనిచేస్తుంది.
□ ఒక కాగితం, రెండు రంగుల పెన్నులు. ఇది వదిలెయ్యకండి.

## 2. పేటను ఎంచుకోవడం

మొదటిసారికి ఒక్క పేట చాలు. పొడవు రెండు మైళ్ళు దాటకూడదు. ఎల్ రైలో (షికాగో నగర రైలు), మంచి బస్సో నేరుగా పేట మధ్యలోకి తీసుకెళ్ళాలి. కారులో వెళితే పార్కింగ్ ఎక్కడ దొరికితే అక్కడే నడక మొదలవుతుంది, గీసుకున్న దారి పక్కకుపోతుంది.

పిల్సెన్‌కు ఎల్ రైలు పింక్ లైన్‌లో 18వ వీధి స్టేషన్ ఉంది. దిగిన చోటే పేట నడిబొడ్డు.

పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు మాత్రం షికాగోలోనే మన దేశపు దుకాణాలుండే డెవాన్ అవెన్యూతో మొదలుపెట్టండి. రెడ్ లైన్‌లో లొయోలా స్టేషన్ దగ్గర దిగి 155 నంబరు బస్సు ఎక్కితే ఆ వీధి వెంబడే పోతుంది. భాషలు, సరుకులు తెలిసినవే కాబట్టి కంగారుండదు. భారతీయ కిరాణా సంస్థ పటేల్ బ్రదర్స్ మొదటి దుకాణం 1974లో తెరిచింది ఈ వీధిలోనే. గౌరవార్థం పెట్టిన గోధుమరంగు వీధి బోర్డులు చదువుకుంటూ నడవండి. ఒకే వీధిలో ఒక ముక్కకు గాంధీ పేరు, ఇంకో ముక్కకు జిన్నా పేరు, మరో ముక్కకు ఇజ్రాయెల్ ప్రధానిగా చేసిన గోల్డా మేయర్ పేరు కనిపిస్తాయి. ఎవరు ఎక్కడ దుకాణాలు పెట్టుకున్నారో ఆ బోర్డులే చెబుతాయి.

ఇక్కడొక చిక్కుంది. షికాగో ప్రభుత్వ లెక్కల్లో "పిల్సెన్" అని వెతికితే దొరకదు. నగరాన్ని 77 కమ్యూనిటీ ఏరియాలుగా విడగొట్టారు, లెక్కలన్నీ ఆ పేర్లతోనే ఉంటాయి. పిల్సెన్ ఉన్నది 31వదైన లోయర్ వెస్ట్ సైడ్‌లో. డెవాన్ దుకాణాలున్నది 2వదైన వెస్ట్ రిడ్జ్‌లో. జనం పిలిచే పేరూ, కాగితం మీది పేరూ రెండూ ముందే రాసిపెట్టుకోండి.

## 3. హద్దులు గీయడం

మై మ్యాప్స్‌లో కొత్త మ్యాపు తెరిచి మొదటి లేయర్‌కు "హద్దులు" అని పేరు పెట్టండి. మూడు మైళ్ళ వెడల్పు తెరలో పట్టేంత జూమ్ ఉంచి ఈ వరసలో వెతకండి:

1. నీళ్ళు: నది, కాలువ, సరస్సు.
2. రైలు: ముఖ్యంగా ఎత్తు కట్టమీద పోయే పట్టాలు.
3. హైవే.
4. మిగతావాటికంటే వెడల్పైన వీధులు.
5. పెద్ద ఖాళీలు: శ్మశానం, యూనివర్సిటీ, ఆసుపత్రి, గోదాములు.

పిల్సెన్‌కు ఈ వరసలో వెళితే పని ఇట్టే అయిపోతుంది. దక్షిణాన, తూర్పున షికాగో నది దక్షిణపాయ. ఉత్తరాన 16వ వీధి పక్కనే ఎత్తైన రైలు కట్ట. పడమర వెస్టర్న్ అవెన్యూ. ఇవి గీయగానే ఈ పేట ఇంతకాలం తన రూపం ఎందుకు నిలబెట్టుకుందో సగం అర్థమవుతుంది. మూడు పక్కలా దాటడం కష్టమైన అడ్డంకులే.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని చేయాలి. ఆ హద్దులను ఎక్కడెక్కడ దాటొచ్చో గుర్తు పెట్టండి. ప్రతి వంతెన, కట్ట కింద ప్రతి అండర్‌పాస్ ఒక చుక్క. మ్యాపులో రెండు వీధులు దగ్గరగా కనిపిస్తాయి, తీరా వెళితే మధ్యలో కట్ట ఉంటుంది, చుట్టూ తిరిగి రావడానికి పావుగంట పోతుంది. పైగా దాటే చోట్లలోనే రాకపోకలు ఎక్కువ కాబట్టి దుకాణాలు, గోడబొమ్మలు అక్కడే పోగుపడతాయి.

## 4. ఇంటి నంబర్లతో దూరం లెక్కకట్టడం

షికాగోలో ఇది నేర్చుకుంటే ఫోన్ తీయాల్సిన పని సగం తగ్గిపోతుంది.

లెక్కకు సున్నా స్థానం స్టేట్ వీధి, మ్యాడిసన్ వీధి కలిసే కూడలి. అక్కడినుంచి ఏ దిక్కుకు వెళ్ళినా మైలుకు 800 నంబర్లు. హాల్‌స్టెడ్ 800 పడమర, యాష్‌లాండ్ 1600, వెస్టర్న్ 2400. అంటే హాల్‌స్టెడ్ నుంచి యాష్‌లాండ్‌కు ఒక మైలు, అక్కడినుంచి వెస్టర్న్‌కు ఇంకో మైలు. సరిసంఖ్యలు వీధికి ఉత్తరం వైపు, పడమర వైపు. బేసిసంఖ్యలు దక్షిణం వైపు, తూర్పు వైపు.

ఒక మినహాయింపు. మ్యాడిసన్‌కు దక్షిణాన మొదటి మూడు మైళ్ళలో లెక్క వేరు. మొదటి మైలు 12వ వీధి దగ్గర, రెండోది 22వ వీధి దగ్గర, మూడోది 31వ వీధి దగ్గర పూర్తవుతాయి. 12వ వీధిని ఇప్పుడు రూజ్‌వెల్ట్ అనీ, 22వ వీధిని సెర్మాక్ అనీ అంటారు. పిల్సెన్ చాలావరకు ఈ రెండో మైల్లో ఉంది కాబట్టి అక్కడ ఉత్తర దక్షిణాలుగా ఒక్కో వీధి నంబరుకు మైలులో పదోవంతు.

చేసి చూద్దాం. స్టేషన్ చిరునామా 1710 వెస్ట్ 18వ వీధి. నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్ 1852 వెస్ట్ 19వ వీధి. పడమరకు 142 నంబర్లు, అంటే మైలులో ఆరోవంతు కంటే కాస్త ఎక్కువ. దక్షిణానికి ఒక వీధి, అంటే మైలులో పదోవంతు. రెండూ కలిపితే పావు మైలు దాటుతుంది, ఆరేడు నిమిషాల నడక. 1852 సరిసంఖ్య కాబట్టి మ్యూజియం 19వ వీధికి ఉత్తరం పక్కన, హారిసన్ పార్కు వైపు ఉంటుంది.

ఇలా మీ సొంత చిరునామా మీద ఒకసారి లెక్కవేసి చూడండి, పట్టుబడిపోతుంది.

## 5. వీధుల అల్లిక ఎక్కడ చెదిరిందో చూడటం

రెండో లేయర్‌కు "తేడాలు" అని పేరు పెట్టండి. గళ్ళు గళ్ళుగా ఉన్న నగరంలో గడి ఎక్కడ తప్పిందో అక్కడ ఏదో జరిగిందన్నమాట. మూడు రకాల తేడాలు వెతకండి.

అడ్డంగా కోసుకుపోయే వీధి: షికాగోలో మిల్వాకీ, క్లార్క్, ఆగ్డెన్ లాంటి ఐమూలగా పోయే రోడ్లు చాలావరకు గడుల కంటే ముందే ఉన్న బాటలు. పిల్సెన్‌ను బ్లూ ఐలాండ్ అవెన్యూ ఇలాగే కోస్తుంది. అలాంటి వీధి ఇంకో వీధిని కలిసేచోట త్రికోణపు మూలలు, వాటిమీద మూలకు తగ్గట్టు కట్టిన భవనాలు ఉంటాయి. ప్రతి కలయికకూ ఒక చుక్క పెట్టండి.

మధ్యలో తెగిపోయిన వీధి: ఒక వీధి ఆగి రెండు బ్లాకుల తర్వాత అదే పేరుతో మళ్ళీ మొదలైతే, మధ్యలో ఒకప్పుడు కర్మాగారమో రైలు యార్డో ఉండే అవకాశం ఎక్కువ. పాత మ్యాపులో చూడాల్సిన జాబితాలో చేర్చండి.

స్థలాల కొలత మారడం: షికాగోలో మామూలు ఇంటిస్థలం 25 అడుగుల వెడల్పు, 125 అడుగుల లోతు. శాటిలైట్ దృశ్యంలో సన్నని పైకప్పుల వరస మధ్య ఒక్కసారిగా పెద్ద పైకప్పు వచ్చిందంటే చర్చో, బడో, గోదామో అయి ఉంటుంది.

## 6. పాత మ్యాపు చదవడం: సాన్‌బార్న్

ఈ దశకు ఒక సాయంత్రం మొత్తం ఇవ్వండి. మిగతా దశలు హడావుడిగా చేసినా ఫరవాలేదు, ఇది మాత్రం నిదానంగా.

సాన్‌బార్న్ కంపెనీ 1867లో మొదలైంది. అగ్నిప్రమాద బీమా కంపెనీలకు ఏ ఇల్లు దేంతో కట్టారో, పక్కన ఏముందో తెలియాలి కాబట్టి ఊరూరా ఇల్లిల్లూ కొలిచి మ్యాపులు వేయించింది. దాదాపు 12,000 ఊళ్ళకు ఇవి ఉన్నాయి. కొలబద్ద చాలా పెద్దది, అంగుళానికి 50 అడుగులు. అందుకే వెనక పాక కూడా కనిపిస్తుంది.

చదివే వరస ఇది:

1. ముందు సూచిక పేజీ తెరవండి. పేట ఏ షీటులో ఉందో అక్కడ నంబరు వేసి ఉంటుంది. నేరుగా షీట్లు తిప్పుతూ కూర్చుంటే అలసిపోతారు.
2. రంగు చూడండి. గులాబీ రంగు ఇటుక, పసుపు కలప, నీలం రాయి.
3. ఇంటిలోని అక్షరం చూడండి. "డి" నివాసం, "ఎస్" దుకాణం. పక్కనున్న అంకె ఎన్ని అంతస్తులో చెబుతుంది.
4. స్థలం వెనక భాగం చూడండి. ముందొక ఇల్లు, వెనక సందువైపు ఇంకో ఇల్లు ఉందా?
5. పెద్ద భవనాల పేర్లు చదవండి: సారాబట్టీలు, కలప అడితీలు, కొట్టాలు, సంఘాల హాళ్ళు.

పిల్సెన్‌లో నాలుగో అంశం మీద మనసు పెట్టండి. ఒకే 25 అడుగుల స్థలంలో ముందొకటి, వెనకొకటి చొప్పున ఇళ్ళు కనిపిస్తాయి. వెనక ఇంట్లోంచి వీధిలోకి రావాలంటే ముందు ఇంటి పక్క సన్నటి దారే గతి. మ్యాపులో రెండు పెట్టెల మధ్య ఆ ఖాళీని చూసి, తర్వాత వీధిలో నిలబడి అదే సందులోకి చూస్తే, అంత చోటులో ఎన్ని కుటుంబాలు సర్దుకుని బతికాయో కళ్ళకు కడుతుంది.

ఇక్కడ చాలామంది బోల్తాపడే సంగతులు రెండున్నాయి.

మొదటిది, షికాగో ఇంటి నంబర్లన్నీ 1909లో మార్చేశారు. డౌన్‌టౌన్ నడిబొడ్డుకు 1911లో మార్చారు. అంతకుముందు షీటులో ఉన్న నంబరు ఇప్పటి నంబరు కాదు. నంబరు పట్టుకుని వెతక్కండి. వీధి మూలనుంచి ఎన్నో ఇల్లో లెక్కపెట్టి సరిచూసుకోండి. వీధి పేర్లు కూడా మారి ఉండొచ్చు. రైలు పట్టాలూ, చర్చీలూ అంత తేలిగ్గా కదలవు, వాటిని ఆనవాలుగా పెట్టుకోండి.

రెండోది, కంపెనీ పాత షీట్ల మీద సవరణ ముక్కలు అతికించేది. షీటు మీద ఒక సంవత్సరం ఉన్నా ఒక మూలలో బొమ్మ తర్వాతిది కావచ్చు. అంచులు తేడాగా, రంగు కాస్త ముదురుగా ఉన్న ముక్క కనిపిస్తే అనుమానించండి.

పాతమ్యాపులో చూసినవాటిలో ఇప్పటికీ నిలిచున్నవి ఐదు, పోయినవి రెండు ఎంచి మూడో లేయర్లో పెట్టండి. ఇంతకంటే ఎక్కువ పెడితే నడిచేటప్పుడు తల ఎత్తి చూసే తీరిక ఉండదు.

## 7. నాలుగు రంగుల మ్యాపు

1935 నుంచి 1940 దాకా హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ రెండువందలకు పైగా నగరాల్లో పేటలకు రంగులు వేసింది. పచ్చరంగుకు "ఏ", నీలానికి "బి", పసుపుకు "సి", ఎరుపుకు "డి". ఎరుపంటే అప్పివ్వడానికి ప్రమాదకరమని అర్థం. నల్లజాతివారు నివసించే పేటలకు దాదాపు అన్నిచోట్లా ఎరుపే వేశారు. ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించిన ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది 1968లో.

రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వారి మ్యాపింగ్ ఇనీక్వాలిటీ సైటులో ఈ మ్యాపులు ఇప్పటి మ్యాపు మీద పరిచి ఉంటాయి. మీ పేట మీద నొక్కండి. రంగుతోపాటు అప్పటి అధికారి రాసిన వివరణ తెరుచుకుంటే అది కూడా చదవండి. ఎవరు నివసిస్తున్నారనేదాన్ని బట్టి ఇళ్ళ విలువ ఎలా కట్టారో ఆ మాటల్లోనే ఉంటుంది.

తర్వాత ఎరుపు ముక్కల మీదుగా ఇప్పుడు హైవే పోతోందేమో చూడండి. న్యూ ఆర్లిన్స్‌లో ట్రెమే పేట పక్క క్లెయిబోర్న్ అవెన్యూ నడుమ ఓక్ చెట్ల వరసలుండేవి. 1960లలో ఆ చెట్లు నరికి ఐ-10 హైవే ఫ్లైఓవర్ వేశారు. స్తంభాల కింద నిలబడే ముందు ఈ సంగతి తెలిసి ఉండటం కనీస మర్యాద అని నా అభిప్రాయం.

## 8. ఇప్పటి జీవితం

నాలుగో లేయర్. దీనికి గంట చాలు. ఇవి మాత్రమే గుర్తించండి:

□ ప్రార్థనా స్థలాలు, ఎవరు కట్టారో ఒక ముక్క
□ బేకరీ, కిరాణా, మందుల షాపు ఎక్కువున్న రెండు బ్లాకులు
□ ప్రభుత్వ గ్రంథాలయ శాఖ
□ బడులు, పార్కు
□ బస్సు మార్గాలు

పిల్సెన్‌లో మూడు చర్చీలు పెట్టుకుంటే పేటలో ఎవరి తర్వాత ఎవరొచ్చారో తెలిసిపోతుంది. ఆల్‌పోర్ట్ వీధిలోని సెయింట్ ప్రొకోపియస్ చెక్ వలసవాళ్ళది. 17వ వీధిలోని సెయింట్ అడాల్‌బర్ట్ పోలిష్ వాళ్ళది, 2019లో మూతపడింది. యాష్‌లాండ్ మీది సెయింట్ పయస్ ఐరిష్ వాళ్ళు మొదలుపెట్టింది. 1960ల నుంచి పేట మెక్సికన్ కుటుంబాలతో నిండింది. ఉత్తరాన ఇలినాయ్ యూనివర్సిటీ షికాగో ప్రాంగణం కోసం ఇళ్ళు ఖాళీ చేయించినప్పుడు చాలామంది ఇటు వచ్చారు. ఆ ప్రాంగణం 1965లో తెరిచారు, మీ మ్యాపులో పెద్ద ఖాళీగా కనిపించేది అదే.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, అద్దెకున్నవారెందరు లాంటివి కావాలంటే సెన్సస్ వారి అమెరికన్ కమ్యూనిటీ సర్వే చూడండి. సెన్సస్ ట్రాక్ట్ అంటే సుమారు 4,000 మంది ఉండే ముక్క. చిన్న ముక్కలకు లెక్కలో తప్పొప్పుల తేడా ఎక్కువ, పక్కనే ఇస్తారు, అది చూడకుండా అంకెను నమ్మొద్దు.

## 9. దారి గీయడం

ఐదో లేయర్. నియమాలు నాలుగే.

1. మొదలూ చివరా ఒకే స్టేషన్.
2. కనీసం ఒక హద్దు వెంబడి నడవాలి.
3. పెద్ద బజారు వీధిలో ఎంతదూరం నడుస్తారో, దానికి సమాంతరంగా ఉన్న ఇళ్ళ వీధిలోనూ అంతదూరం నడవాలి.
4. మధ్యలో కూర్చోవడానికి, బాత్రూముకు ఒక చోటు ఖాయంగా ఉండాలి.

పిల్సెన్‌కు నేను సూచించే దారి:

18వ వీధి స్టేషన్‌లో దిగండి. మెట్లమీద, గోడలమీద బొమ్మలు చూడటానికి కాసేపు ఆగండి. పడమరకు నడిచి హారిసన్ పార్కు, మ్యూజియం చూడండి. ప్రవేశం ఉచితం, సోమవారం మూసి ఉంటుంది. కలర్టన్ వీధి మీదుగా తూర్పుకు రండి, పాత ఇళ్ళకు ఈ వీధే మంచిది. యాష్‌లాండ్ దాటి, బ్లూ ఐలాండ్ ఐమూలను దాటి, పైకి 18వ వీధిలోకి వచ్చి ఆల్‌పోర్ట్ మూలన 1892 నాటి నాటకశాల థాలియా హాల్ ముందు ఆగండి. దగ్గర్లోనే లూమిస్ వీధి మూలన లొజానో గ్రంథాలయ శాఖ ఉంది, కూర్చోవడానికి అదే సరైన చోటు. ఆపైన 18వ వీధిలో హాల్‌స్టెడ్ దాకా వెళ్ళి, ఉత్తరానికి తిరిగి 16వ వీధికి చేరి, రైలు కట్ట వెంబడి గోడబొమ్మలు చూస్తూ యాష్‌లాండ్‌కు వచ్చి స్టేషన్ చేరండి.

మొత్తం నాలుగు మైళ్ళకు కాస్త తక్కువ. ఆగుతూ నడిస్తే నాలుగు గంటలు. పెద్దవాళ్ళుంటే హాల్‌స్టెడ్ వైపు వదిలేసి గ్రంథాలయం నుంచే వెనక్కి రండి, సగం తగ్గుతుంది.

దారి మొత్తాన్ని ఒకసారి గూగుల్ స్ట్రీట్ వ్యూలో (వీధి ఫోటోల్లో) చూసుకోండి. సైడ్‌వాక్ తెగిన చోట్లు అప్పుడే తెలుస్తాయి. అక్కడే తేదీ మీద నొక్కితే పాత సంవత్సరాల దృశ్యాలూ వస్తాయి. ఒకే దుకాణం ముందు బోర్డు ఎలా మారిందో రెండు మూడు చోట్ల చూసుకోండి. చివరగా మ్యాపును కేఎంఎల్ ఫైలుగా (వేరే మ్యాపు యాప్‌లూ చదవగలిగే రూపంలో) దింపి ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెరవండి.

## 10. బయల్దేరే ముందు, నడిచేటప్పుడు

□ డిసెంబరులో షికాగోలో సాయంత్రం 4.20కే పొద్దుగుంకుతుంది. ఉదయం పదికి మొదలుపెట్టండి.
□ చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది. దారి గీసిన కాగితం జేబులో ఉంచండి.
□ వెంట్రా కార్డులో (షికాగో రైలు, బస్సు టికెట్ కార్డు) తిరుగు ప్రయాణానికి డబ్బు ఉందో లేదో చూసుకోండి.
□ ఇంటి ముంగిట్లోకి, మెట్లమీదికి, వెనక ప్రైవేటు దారుల్లోకి అడుగుపెట్టొద్దు. సైడ్‌వాక్ నుంచే చూడండి.
□ అడగకుండా మనుషుల ఫోటోలు తీయొద్దు. పిల్లలవి అసలే తీయొద్దు.
□ ఒక్క బేకరీలోనైనా ఏదో ఒకటి కొనండి. పేటను నిలబెట్టేది అలాంటి దుకాణాలే.

నడుస్తూ చూడాల్సింది ఒకటి ప్రత్యేకంగా చెబుతాను. పిల్సెన్‌లో కొన్ని ఇళ్ళ ముంగిలి సైడ్‌వాక్ కంటే నాలుగైదడుగుల పల్లంలో ఉంటుంది. కిందికి దిగే మెట్లు కొన్ని, పై అంతస్తు తలుపుకు చిన్న వంతెనలాంటి మెట్లు కొన్ని. ఇళ్ళు కట్టాక మురుగునీటి పనులకోసం వీధి మట్టం పెంచారు, ఇల్లు ఉన్నచోటే ఉండిపోయింది. కొన్ని చోట్ల సైడ్‌వాక్ కిందంతా డొల్లగానే ఉంది. ఇది ఏ మ్యాపులోనూ కనబడదు. కాగితం మీద ఎక్కడెక్కడ పల్లం ఉందో గీతలు పెట్టుకుంటూ రండి, ఏ బ్లాకులు వీధి ఎత్తక ముందు కట్టినవో మీకే ఒక మ్యాపు తయారవుతుంది.

## 11. వేరే నగరాల్లో మార్చుకోవాల్సినవి

శాన్‌ఫ్రాన్సిస్కో. ఇక్కడ ఎత్తే మొదటి హద్దు. ఫిల్బర్ట్ వీధి హైడ్, లెవెన్‌వర్త్ వీధుల మధ్య 31.5 శాతం వాలు. ఫ్లాట్ మ్యాపులో అది ఒక మామూలు బ్లాకు. మోకాళ్ళ నొప్పులున్నవారితో వెళితే టోపోవ్యూలో ఎత్తు గీతలు చూసి, గీతలు దగ్గరదగ్గరగా ఉన్న బ్లాకులు తప్పించండి. రెండో హద్దు మార్కెట్ వీధి. దానికి రెండువైపులా గడులు వేర్వేరు కోణాల్లో ఉంటాయి. మూడోది 1906 భూకంపం తర్వాతి మంటలు చాలామటుకు ఆగిన వాన్ నెస్ అవెన్యూ. పాత విక్టోరియన్ చెక్క ఇళ్ళు దానికి పడమరే ఎక్కువ. చైనాటౌన్‌లో అందరూ గ్రాంట్ అవెన్యూలో ఫోటోలు తీసుకుని తిరిగొస్తారు. ఒక్క వీధి పైకెక్కి స్టాక్‌టన్ వీధిలోకి వెళ్ళండి, ఊళ్ళోవాళ్ళు కూరగాయలు, చేపలు కొనేది అక్కడ. రెండింటి మధ్య వేవర్లీ ప్లేస్, రాస్ ఆలీ సందుల్లోంచి నడవండి.

న్యూ ఆర్లిన్స్. ఉత్తరం, దక్షిణం మరిచిపోండి. అక్కడివాళ్ళు నది వైపు, సరస్సు వైపు, నది ఎగువకు, దిగువకు అని దారి చెబుతారు. మిసిసిపీ అడుగున వచ్చేలా మ్యాపును తిప్పి ప్రింటు తీసుకోండి. ఫ్రెంచి కాలంలో నది ఒడ్డు నుంచి వెనక చిత్తడి దాకా సన్నటి పొడవాటి పొలాలు పంచారు. నది వంకర తిరిగినచోట ఆ పొలాల గట్లు ఒకదానికొకటి దగ్గరయ్యాయి, వీధులు అవే గీతలమీద పడ్డాయి. అందుకే విసనకర్రలా విచ్చుకుంటాయి. కెనాల్ వీధి దాటగానే వీధి పేరు మారుతుంది: బర్బన్ కాస్తా క్యారండెలెట్ అవుతుంది, రాయల్ కాస్తా సెయింట్ చార్ల్స్ అవుతుంది. దారి తప్పామని కంగారుపడకండి.

న్యూయార్క్. మ్యాన్‌హాటన్ వీధులకు 1811లో వేసిన ప్రణాళికతో వచ్చిన గడులు పైన, అంతకుముందున్న వీధులు గ్రీనిచ్ విలేజ్‌లో. రెండూ కలిసే అతుకు వెంబడి నడవడమే అక్కడ పని. వెస్ట్ 4వ వీధి వెళ్ళి వెస్ట్ 10, 11, 12 వీధులను అడ్డంగా దాటుతుంది. క్వీన్స్‌లో, ముఖ్యంగా జాక్సన్ హైట్స్‌లో, చిరునామా మధ్య చిన్న గీత ఉంటుంది. గీతకు ముందున్న అంకె దగ్గర్లోని అడ్డవీధిని సూచిస్తుంది.

## 12. తప్పులు, సవరణలు

గూగుల్ చూపిన హద్దునే నమ్మడం. పేర్లు మారుతుంటాయి, కొన్ని కొత్తగా పుడతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో రింకన్ హిల్ చుట్టుపక్కల ప్రాంతానికి "ఈస్ట్ కట్" అనే పేరు 2017లో పెట్టారు, మరుసటి ఏడాదికల్లా గూగుల్ మ్యాపులోకి ఎక్కింది. సవరణ: దుకాణాల బోర్డులమీద, చర్చీల పేర్లలో, గ్రంథాలయ శాఖ పేరులో ఏ పేరుందో చూడండి.

నేరాల మ్యాపు చూసి పేటనే కొట్టేయడం. ఇది మనవాళ్ళలో చాలా ఎక్కువ, నాకు బాధ కలిగించేదీ ఇదే. ఒకప్పటి అధికారులు మొత్తం పేటకు ఎరుపు పూసిన పనే మనం మళ్ళీ చేస్తున్నాం. సవరణ: పేట మొత్తం కాదు, మీరు నడిచే వీధి, నడిచే వేళ చూడండి. పగటిపూట, జనం ఉన్న బజారు వీధి మీదుగా దారి గీయండి. ఏదైనా బ్లాకు నిర్మానుష్యంగా అనిపిస్తే పక్క వీధికి మారండి, అంతే.

మరీ దగ్గరగా జూమ్ చేయడం. హద్దులు దొరకడం లేదంటే కారణం తొంభైపాళ్ళు ఇదే. వెనక్కి రండి.

చుక్కలు ఎక్కువైపోవడం. ఇరవై దాటితే నడక కాదు, హాజరుపట్టీ. సగం తీసేయండి.

పాతమ్యాపు ఇప్పటి మ్యాపుమీద సరిగ్గా కూర్చోకపోవడం. ఒక్క మూల మాత్రమే కలిపితే మిగతాది జారుతుంది. దూరదూరంగా ఉన్న మూడు స్థిరమైన చోట్లు కలపండి.

## 13. తిరిగొచ్చాక

అదే రోజు రాత్రి గంట కేటాయించండి, మర్నాటికి వాయిదా వేస్తే వివరాలు జారిపోతాయి.

□ గీసిన హద్దు నడిచాక సరైందనిపించిందా? లేదంటే సరిచేసి, ఎందుకో ఒక వాక్యం రాయండి.
□ కాగితం మీది గుర్తులు మై మ్యాప్స్‌లోకి ఎక్కించండి.
□ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మూతపడిన దుకాణం, లేని మెట్లదారి కనిపించి ఉంటే ఖాతా తెరిచి సరిచేయండి. ఎవరైనా చేయొచ్చు.
□ మ్యాపును ఇంట్లోవాళ్ళతో పంచుకోండి. ఈసారి రాలేకపోయినవాళ్ళు అదే దారిలో వెళ్ళొచ్చు.

తర్వాతి పేటకోసం దూరం వెళ్ళక్కర్లేదు, ఇప్పుడు గీసిన హద్దుకు అవతలివైపే ఎంచుకోండి. పిల్సెన్ తూర్పు అంచున సెర్మాక్ రోడ్డు వంతెన మీదుగా నది దాటితే చైనాటౌన్. ఒక హద్దు, దాన్ని దాటే వంతెనలు మీ మ్యాపులో ఇప్పటికే ఉన్నాయి కాబట్టి ఇంటిపని ఈసారి ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది.